మెత్తబ్రేకు ఇల్లు

డిపోలో ఆయన్ని అందరూ ‘మెత్తబ్రేకు’ అనేవారు. ఆయన బస్సు ఆపితే నిలబడ్డవాళ్లు కూడా తూలరని పేరు. ఇరవై రెండేళ్లలో బండికి గీత పడనివ్వలేదు. ఇంట్లో మాత్రం చెయ్యి ఆగేది కాదు. కూర చల్లారినా, మాటకు మాట వచ్చినా భార్య చెంప పేలేది. కూతురికి పదేళ్లు వచ్చాక మానేశాడు. మానేశాను కదా, అయిపోయిందనుకున్నాడు.

పదహారో ఏట కూతురు తల్లి మీద చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టింది. ముందు తోపులు, తర్వాత దెబ్బలు. “వయసు పొగరు, అదే తగ్గుతుందిలే” అని ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఫోను లాక్కుందని కూతురు తోసిన తోపుకి తల్లి గుమ్మం మీద పడింది. మోచెయ్యి విరిగింది.

ఆసుపత్రిలో “స్నానాలగదిలో జారిందండీ” అన్నాడు. నర్సు ఆయన్ని బయటికి పంపి భార్యని మళ్లీ అడిగింది. ఆమె నిజం చెప్పేసింది. నర్సు ముగ్గుర్నీ కౌన్సెలరమ్మ దగ్గరికి పంపింది.

ఆయన కూతురి తప్పుల చిట్టా విప్పబోయాడు. ఆవిడ నెమ్మదిగా అడిగింది.

“అది సరేనండీ. మీ ఇంట్లో ముందు కొట్టిందెవరు?”

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని తోటి డ్రైవర్ల పిల్లల్ని చూసి ఎన్నిసార్లు నవ్వాడో ఆయనకు గుర్తొచ్చింది.

“నువ్వు మానేశావు నాన్నా,” అంది కూతురు గోడకేసి చూస్తూ. “తప్పు చేశానని ఒక్కసారన్నా అన్నావా? అమ్మని కొడితే ఏమీ కాదనే అనుకున్నా.”

“తప్పే తల్లీ,” అని భార్య వైపు తిరిగాడు. “నీకే చెప్పాల్సింది. తప్పు చేశాను.”

“ఇన్నేళ్లూ అంటారేమోనని చూశానండీ,” అంది ఆమె, అంతే.

పది వారాలు వెళ్లారు. కౌన్సెలరమ్మ నియమం ప్రకారం గొంతు పెరిగితే ఎవరో ఒకరు “ఆగుదాం” అనాలి, తలో గదిలోకి పోవాలి, అరగంట దాకా మాట్లాడకూడదు. తల్లి చెయ్యి అతికేదాకా గిన్నెలు, బట్టలు కూతురివే. మధ్యలో ఒకసారి గ్లాసు విసిరింది. తర్వాత తనే ముక్కలు ఏరింది. ఏడాదిన్నరగా తల్లి మీద దెబ్బ పడలేదు.

మొన్న అటక మీది పెట్టె కోసం ఆయన చెయ్యెత్తాడు. పక్కనున్న భార్య తల చటుక్కున తప్పుకుంది. అలా చేశానని ఆమెకే తెలియలేదు. మళ్లీ ఉల్లిపాయలు తరుక్కుంటూ కూర్చుంది. ఆయన పెట్టె దించకుండానే చెయ్యి మెల్లగా కిందికి తెచ్చుకున్నాడు.