మా ఇంట్లో వేటంటే

బయోడేటా రాయడం కంటే చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని మా పోర్ట్‌బ్లెయిర్‌లో షాదీపూర్ ఎత్తు ఎక్కడం సులువు. రెండూ చేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను. బుట్ట బరువుగా ఉంటుంది, అంతే. ఈ రెండేళ్లు ఎక్కడున్నావు, మీ నాన్న ఏం చేస్తాడు అని అది అడగదు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. మా నాన్న తాగుడు మానేసి తొమ్మిది నెలలైంది. అంతకుముందు పదేళ్లపాటు తాగాడు. ఆఖరి ఏడాదిలో పరిస్థితి చెయ్యి దాటిపోతే, జెరాక్స్ షాపులో చేస్తున్న నా చిన్న ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాను. అమ్మ బజారులో చేపలమ్మాలి, చెల్లి స్కూలుకెళ్లాలి. మిగిలింది నేను. ఆసుపత్రిలో చేర్పించి తీసుకొచ్చాక కూడా డాక్టరు, "ఈయన్ని ఒంటరిగా వదలొద్దు" అన్నాడు. సరే, వదల్లేదు. అలా రెండేళ్లు గడిచిపోయాయి.

ఆ రెండేళ్లలో నేను నేర్చుకున్న విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు. నీళ్ల ట్యాంకులో సీసా ఉందో లేదో మూత తీయకుండా చెప్పగలను. నాన్న దగ్గు విని అది ఉత్త దగ్గో, వాసన కప్పిపుచ్చే దగ్గో చెప్పగలను. పాత స్నేహితులు సందు మలుపు తిరిగేలోపే ఎదురెళ్లి, నవ్వుతూనే వెనక్కి పంపగలను. ఇవన్నీ ఏ గడిలో రాయాలో మాత్రం నాకు తెలియదు.

చివరికి డాక్టరు ఇక ఫర్వాలేదన్నాడు. ఆ సాయంత్రమే అమ్మ, "ఇంక నువ్వు నౌకరీ సూసుకోవే. నా మోకాళ్లు ఇంకో వానాకాలం ఓర్సుకోవు" అంది. ఆమె మోకాళ్ల కోసం సగం, నా కోసం సగం, నాకు ఉద్యోగం కావాలి. ఇంకో ఏడాది ఆ ఇంట్లో కూర్చుని గ్లాసులు వాసన చూస్తూ ఉంటే నాకే పిచ్చెక్కేది.

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. మావాళ్లది ఉత్తరాంధ్ర సముద్రపు ఒడ్డు. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు మా తాత ఈ దీవుల్లో షిప్పు దిగి, ఇక్కడ చేపలు బాగున్నాయని ఉండిపోయాడు. చేపలు పట్టడానికి సముద్రం మీదకెళ్లడాన్ని మావాళ్లు వేట అంటారు. నోట్లో అది 'ఏట' అవుతుంది. వేటకెళ్లినవాడు ఎప్పుడొస్తాడని మాలో ఎవరూ అడగరు. అడిగితే కీడని నమ్మకం. నాన్న తాగి లోపల చాప మీద పడి ఉన్నప్పుడు గుమ్మంలోకి ఎవరొచ్చినా, అమ్మ కొంగు సర్దుకుని "ఏటకెల్లాడు" అనేది. వచ్చినవాళ్లు ఇంకో ప్రశ్న వేయకుండా వెనక్కి తిరిగేవాళ్లు. అమ్మ తెలివికి దండం పెట్టాలి.

రానురాను చెల్లీ నేనూ కూడా అదే మాట పట్టుకున్నాం. అది స్కూలు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగి, "ఏటకెల్లాడా?" అని అడిగేది. "ఎల్లాడు. రెండో రోజు" అనేదాన్ని. అది చెప్పుల చప్పుడు కాకుండా లోపలికి వచ్చేది. నాన్న నిజంగా బోటెక్కిన రోజున మాత్రం 'పనికెళ్లాడు' అనేవాళ్లం. పదేళ్లలో ఆ మాటకు మా ఇంట్లో ఇంకో అర్థం లేకుండా పోయింది. ఈ సంగతి నాన్నకు తెలియదు. మేం ఆ మాట అనుకునేటప్పుడు ఆయనకు ఒంటిమీద స్పృహ ఉంటే కదా!

బయోడేటా కోసం డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక టైపింగ్ షాపుకెళ్లాను. అక్కడి భయ్యా దగ్గర ఒక నమూనా ఉంది. పేరు మార్చి ఊరంతటికీ అదే ఇచ్చేవాడు. ఆ లెక్కన పోర్ట్‌బ్లెయిర్‌లో ఉద్యోగం వెతుక్కునేవాళ్లందరికీ పుస్తకాలు చదవడం ఇష్టం, అందరూ కష్టపడి పనిచేస్తారు. టకటకా కొట్టుకుంటూ పోయి, ఉద్యోగం లేని రెండేళ్ల దగ్గర ఆగాడు.

"యే దో సాల్ క్యా కియా, దీదీ?"

"ఘర్ మే థీ" అన్నాను, ఇంట్లోనే ఉన్నానని.

"ఖాళీ ఛోడ్‌నే సే అచ్ఛా నహీ లగ్‌తా" అని, గడి ఖాళీగా వదిలితే బాగోదని తనకు తోచినట్టు ఇంగ్లీషులో 'డొమెస్టిక్ వర్క్, రెండేళ్లు' అని కొట్టాడు. తండ్రి వృత్తి అన్న గడి దగ్గర నేను నోరు తెరిచేలోపే 'బిజినెస్' అని పెట్టేశాడు. "సబ్ లోగ్ యహీ లిఖ్‌తే హై." అందరూ అదే రాస్తారట. నేనూ ఊరుకున్నాను. నాన్న అప్పుడు అసలు బోటే ఎక్కడం లేదు. బోటు మీద తోటివాళ్లంతా తాగేవాళ్లేనని భయపడి, ఇంట్లో కూర్చుని పక్కవాళ్ల వలలు బాగుచేసేవాడు. అది ఏ బిజినెస్సో ఆ భయ్యాకే తెలియాలి.

ఆ కాగితం పట్టుకుని మొదట ఒక హోటలుకెళ్లాను. రిసెప్షన్‌లో మనిషి కావాలని బోర్డు పెట్టారు. మేనేజరు కాగితం చూసి, నన్ను పైనుంచి కిందకు చూసి, ఎవరింట్లో పనిచేశావని హిందీలో అడిగాడు. మా ఇంట్లోనే అన్నాను. నవ్వాడు. రిసెప్షన్ నిండిపోయిందట, గదులు ఊడ్చే పనుందట, రేపట్నుంచి రావచ్చట. ఊడ్చే పనికి నాకు నామోషీ లేదు. కానీ పన్నెండో తరగతి పాసై, కంప్యూటరు నేర్చుకుని, రెండేళ్లు మనిషిని కాపలా కాసినదానికి వచ్చిన పేరు అదా అని ఒళ్లు మండిపోయింది. కాగితం లాక్కుని వచ్చేశాను. ఇంకో రెండుచోట్ల కాగితం తీసుకుని ఫోన్ చేస్తామన్నారు. మా ఇంట్లో ఫోన్ లేదని చెప్పినా చేస్తామనే అన్నారు.

నాలుగోది జెట్టీ దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసు. టికెట్ల కౌంటరులో కూర్చునే పని. హిందీ రావాలి, తెలుగు మాట్లాడాలి, కంప్యూటరు తెలియాలి. నా కోసమే పుట్టిన ఉద్యోగమనుకున్నాను. ఇస్త్రీ చేసిన చుడీదారు వేసుకుని, దారి పొడుగునా ఒక్క ప్రశ్నకే జవాబు వల్లించుకున్నాను. మీ నాన్న తాగుతాడట కదా అని అడిగితే ఏమనాలి? ఇది చిన్న ఊరు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఇప్పుడు మానేశాడండీ, తొమ్మిది నెలలైందండీ అని గట్టిగా, తలెత్తి చెప్పాలి.

ఆఫీసులో యాభై దాటిన సారు కూర్చుని ఉన్నాడు. గోడకు తెలుగు చర్చి కాలెండరు వేలాడుతోంది. కంప్యూటరు మీద పరీక్ష పెట్టాడు, బాగానే చేశాను. ఆయన మొహంలో కాస్త వెలుగొచ్చింది. కాగితం తిప్పి చూసి తెలుగులోకి దిగాడు.

"తెలుగోళ్లేనా, అమ్మా? బిజినెస్ అని రాశావు. ఏటి బిజినెస్? మీ నాన్న ఏటకెల్తాడా?"

ఇంకెవరైనా, ఇంకెప్పుడైనా అడిగి ఉంటే మామూలు అర్థమే తీసుకునేదాన్ని. ఆ రోజు నా బుర్రలో ఉన్న ప్రశ్న ఒక్కటే. అయ్యో, ఈయనకు తెలిసిపోయింది అనుకున్నాను. వల్లించుకున్నది వల్లించుకున్నట్టే బయటికొచ్చింది.

"లేదండి. ఇప్పుడు మానేశాడండి. తొమ్మిది నెలలైంది, ఒక్కసారి కూడా ఎల్లలేదు. మా అమ్మ మీద ఒట్టేశాడు."

సారు కళ్లద్దాలు తీశాడు. "ఏటకెల్లనని ఒట్టా? ఎందుకు?"

"ఎల్తే ఇంట్లో మనశ్శాంతి ఉండదండి. నలుగుర్లో తలెత్తుకోలేకపోయేవాళ్లం."

ఆయన మొహంలో వెలుగు పోయింది. "మా అయ్య కూడా ఏటకెల్లేవోడే, అమ్మా. ఆ ఏట మీదే నన్ను సదివించాడు. సదువుకుని వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నా, ఏనాడూ బిజినెస్ అని రాయలేదు. నీకు అంత నామోషీ అయితే కౌంటరు దగ్గరికొచ్చే మనోళ్లతో ఏం మాట్లాడతావు?"

అప్పుడు అర్థమైంది, ఆయన అడిగింది సముద్రం మీది వేట సంగతని. వేటంటే మా ఇంట్లో తాగుడండీ అని చెప్పాలి. చెప్తే ఉద్యోగం దక్కేదేమో. కానీ పదేళ్లు అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి దాచినదాన్ని, ఎవరో తెలియని మనిషి ముందు, కాలెండరు కింద నిలబడి ఎలా విప్పను? కాగితం బల్ల మీదే వదిలేసి బయటికొచ్చేశాను. బస్సు కోసం కూడా ఆగలేదు. దారంతా నన్ను నేను తిట్టుకుంటూ నడిచాను. వేరే మాటే దొరకలేదా మాకు? బజారుకెళ్లాడంటే పోయేది కదా!

ఇంటికెళ్లేసరికి నాన్న గుమ్మంలో వల పరుచుకుని, కాలి బొటనవేలికి తాడు తగిలించుకుని కుడుతున్నాడు. "ఏమైందమ్మా, ఇచ్చారేటి?" అని అడిగాడు. అంతే, కట్ట తెగింది.

"నీ ఏట ఉద్యోగం తినేసింది!" అని అరిచాను. ఆయనకు అర్థం కాలేదు. "నాను ఏటకెల్లి యాడాదైంది కదే" అన్నాడు. ఆ అమాయకత్వం చూస్తే ఇంకా మండింది. అంతా చెప్పేశాను. నువ్వు వాంతుల్లో పడి ఉంటే అమ్మ ఏమని చెప్పేదో, చెల్లి గుమ్మంలో నిలబడి ఏమని అడిగేదో, ఈ రోజు ఆ సారు ఏమన్నాడో, ఒక్కటీ మిగల్చలేదు. పదేళ్ల కోపం ఎంత ఉంటుందో నాకే తెలియదు, పక్కింటివాళ్లు బయటికొచ్చేదాకా ఆగలేదు.

నాన్న చేతిలో దారపు ఉండ అలాగే ఉండిపోయింది. తిరిగి అరుస్తాడనుకున్నాను. ఏడుస్తాడేమోనని కూడా భయమేసింది. రెండూ చేయలేదు.

"తాగుడిని ఏటన్నారా?" అన్నాడు. "తాగుబోతోడని అనండి, పడతాను. పడాల్సినోడినే. ఏటని మాత్రం అనొద్దే. మా అయ్య నాకు నేర్పింది అదొక్కటే." బొటనవేలి నుంచి తాడు తీసేసి మళ్లీ అన్నాడు. "రేపెల్లి ఆ సారుకి ఉన్నది సెప్పీ. మా నాన్న తాగీవోడని సెప్పు. నాను సిగ్గుపడను."

మర్నాడు ఉదయం లేచేసరికి ఆయన చాప ఖాళీగా ఉంది. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నాన్నేడని అడిగాను.

"ఏటకెల్లాడు" అంది.

నా వల్లే, నా నోటి వల్లే అనుకుంటూ పరిగెత్తాను. నీళ్ల ట్యాంకు, రేకుల సందు, కట్టెల వెనుక, ఏ ఒక్కచోటూ వదలకుండా వెతికాను. సీసా లేదు. అమ్మ వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకుని గోడ చూపించింది. మేకుకు వేలాడే మా వల లేదు. మూలనుండే ఐస్ డబ్బా లేదు. చర్చికెళ్లే ఒక పెద్దమనిషి బోటులో, తాగనివాళ్లతో వెళ్లాడని అప్పుడు చెప్పింది. ముందే ఆ ముక్క చెప్పి ఏడవొచ్చు కదా అని అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఎల్లాడంటే ఎల్లాడనే కదే సెప్పాలి" అంది అమ్మ, అదేదో నాకు తెలియాల్సిన విషయమన్నట్టు.

ఆ పూటే ఆఫీసుకెళ్లాను. సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా ఇంట్లో వేటంటే ఏమిటో, ఎందుకలా అయిందో, ఆ రెండేళ్ల 'డొమెస్టిక్ వర్క్' ఏమిటో. ఆయన కదలకుండా విని, "నిన్న సాయంత్రమే వేరే అమ్మాయికి ఇచ్చేశానమ్మా. ముందే చెప్పుంటే పోయేది" అన్నాడు. అందరూ అదే అంటారు. ఆ ముందు అనేది ఎప్పుడొస్తుందో ఒక్కరూ చెప్పరు.

నా కాగితం సొరుగులోంచి తీసి వెనక్కివ్వబోయాడు. నేను బల్ల మీది పెన్ను అడిగి, అక్కడే నిలబడి 'బిజినెస్' కొట్టేసి, పైన 'ఫిషర్‌మన్' అని రాసి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చాను. ఆ ఉద్యోగం ఎలాగూ రాదు. కాగితమైనా సరిగ్గా ఉండాలనిపించింది. ఆయన దాన్ని చదివి, మడవకుండా సొరుగులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు మీ నాన్న ఇంట్లోనే ఉన్నాడా, అమ్మా?"

"లేదండి" అన్నాను. "ఏటకెల్లాడు."

సారు తలూపాడు. ఎప్పుడొస్తాడని అడగలేదు.