పారిస్ జాకెట్టు, నర్సీపట్నం దర్జీ

పారిస్‌లో కుట్టిన జాకెట్టు పట్టుకుని నర్సీపట్నం వెళ్తున్నానంటే మా డిపార్ట్‌మెంటులో నవ్వనివాళ్లు లేరు. నేను విశాఖపట్నంలో ఒక కాలేజీలో ఫ్యాషన్ డిజైన్ పాఠాలు చెబుతాను. ఏటా కొత్త పిల్లలకు ఒక పేరున్న ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థ చరిత్ర మీద ఉపన్యాసం ఉంటుంది. నాకు చదువు చెప్పిన వసంత మేడమే ఇన్నాళ్లూ అది ఇస్తూ వచ్చారు. ఆవిడ వయసులో ఉండగా రెండేళ్లపాటు ఆ సంస్థ కుట్టుగదిలోనే పని నేర్చుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు, ఎవరో కుట్టించుకుని తీసుకెళ్లని బూడిదరంగు ఉన్ని జాకెట్టొకటి ఇచ్చి పంపారట. ఉపన్యాసం రోజున ఎండలు మండిపోతున్నా సరే, చీర మీద ఆ జాకెట్టు వేసుకునే వేదిక ఎక్కేవారు. కిందటేడు మేడం పోయారు. జాకెట్టు నాకివ్వమని చెప్పి పోయారు. ఈ సోమవారం ఉపన్యాసం నాది. జాకెట్టు వేసుకునే చెప్పాలని నా పట్టుదల. అదేమో నాకు ఒకటిన్నర అంగుళం బిగువు. అందులో దాని తప్పేమీ లేదు.

విశాఖలో ఒక బొటిక్ ఆవిడ దాని లేబుల్ చూసి ముట్టుకోనే లేదు. ఇంకో ఆయన చకచకా పక్కలు కోసి ముక్క వేస్తానన్నాడు. నేను జాకెట్టున్న కవరు లాక్కుని బయటపడ్డాను. మేడం గుర్తుగా నా దగ్గరున్నది అదొక్కటే, పాడైతే మళ్లీ దొరకదు. అప్పుడు నూకరాజు గారు గుర్తొచ్చారు. మా అమ్మ నర్సీపట్నంలో టీచరుగా చేసిన రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టిన దర్జీ ఆయన. నా యూనిఫాం లోపల రెండంగుళాల గుడ్డ మడిచి ఉంచేవారు. ఏటా జూన్‌లో ఒక కుట్టు విప్పి కొంచెం వదులు చేసేవారు. ఆ పుణ్యమా అని ఆరో తరగతి గౌను ఎనిమిదిలో కూడా వేసుకున్నాను. ఆ ఉక్రోషం ఇంకా తీరలేదు.

శనివారం ఉదయం ఆరున్నరకు ద్వారకా బస్‌స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం, మగవాళ్లకు నూరు దాటి ఎంతో కొంత అవుతుంది. అనకాపల్లి మీదుగా వెళ్లి, తాళ్లపాలెం దగ్గర హైవే వదిలి కుడివైపు తిరిగితే అక్కడి నుంచి చెరుకు తోటలూ జీడితోటలే. మొత్తం రెండున్నర గంటలు. రైలు బాగుంటుంది కదా అనుకునేవారికి ఒక మాట, నర్సీపట్నం రోడ్డు అనే స్టేషన్ ఉంది గానీ అక్కడి నుంచి ఊరు చాలా దూరం. పేరు చూసి దిగి తిట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

దారిలో నా ముప్పై పేజీల ఉపన్యాసం మరోసారి చదువుకున్నాను. ఆ సంస్థ చేతి తొడుగుల కొట్టుగా మొదలైంది. భర్త తోలు కత్తిరిస్తే భార్య కుట్టేది. వేలివేలికీ కొలత తీసే ఆవిడ, అంతే ఒద్దికగా జాకెట్లు ఎందుకు కుట్టకూడదనుకుంది. ఇరుకు మెట్లెక్కి గొప్పింటి ఆడవాళ్లు రావడం మొదలైంది. యుద్ధం రోజుల్లో ఉన్ని దొరక్క పాత దుప్పట్లతో కోట్లు కుట్టారు. తర్వాత మనవడు సెంటు సీసాలు తెచ్చాడు. బట్టల మీద వచ్చిన నష్టాన్ని ఏళ్ల తరబడి ఆ సెంటే మోసింది. చివరకు ఒక పెద్ద కంపెనీ దాన్ని కొనేసింది, ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేవి హ్యాండ్‌బ్యాగులు. మొదలుపెట్టిన ఆవిడ గురించి, మనవడి గురించి, కొన్న పెద్దమనిషి గురించి పేజీలకు పేజీలు రాశాను. కుట్టుగది గురించి ఒక పేరా రాశాను. చాలా బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

తొమ్మిదికి నర్సీపట్నం బస్సు కాంప్లెక్సులో దిగి, ఎదురుగా ఉన్న హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్నాను, యాభై రూపాయలు. అల్లం పచ్చడి అడక్కుండానే రెండోసారి వేశారు. ఆటో ఎక్కితే డ్రైవరు అద్దంలోంచి నా కవరు వంకే చూస్తున్నాడు.

"ఏటండీ అది, అలాగెత్తి పట్టుకున్నారు? పెల్లి కోటా?"

"పారిస్ కోటు. వదులు చేయించాలి."

"పారిస్‌లో దర్జీలు నేరేటండీ?" అన్నాడు. ముప్పై రూపాయలు తీసుకుని కొట్టు ముందే దింపాడు.

పది గంటలకు నూకరాజు గారు షట్టరెత్తారు. డెబ్బై దాటాయి, కళ్లద్దాలు మందమయ్యాయి. ఇప్పుడు కొత్త బట్టలు కుట్టడం తక్కువ, రెడీమేడ్లకు అల్టరేషన్లే ఎక్కువట. "టీచరమ్మగోరి పాపవి కదేటి?" అని స్టూలు వేశారు. ఒకటిన్నర అంగుళం వదులు చేయాలని చెప్పి, నేను జాకెట్టు చరిత్ర ఎత్తుకునేలోపే దాన్ని తిరగేసి పట్టుకున్నారు. లేబుల్ చదవలేదు. లోపలి లైనింగు అంచు నాలుగు వేళ్ల మేర విప్పి, చెయ్యి దూర్చి తడిమి నవ్వారు.

"గుడ్డ మడిసి ఉంచినారమ్మా లోపల. ఎవలో గానీ మన పనోలే."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన జాకెట్టును వెలుగులోకి తీసుకెళ్లి పక్క కుట్టు దగ్గర వేలు పెట్టారు. కుట్టు పక్కనే సన్నటి పాత మడత గీత ఒకటి కనిపించింది.

"ఇది ముందర ఒకపాలి వదులు సేసినారు. ఈ పక్కా ఆ పక్కా కూడాను. మిషను కాదు, సేతికుట్టు. ముడి సూడండి, ఆ కొస నుంచి మొదలైనాది. కుట్టు వాలు కూడా తిరగబడి ఉంది. కుట్టినోలు ఎడంసేతి వాటం."

వసంత మేడం బోర్డు మీద ఎడంచేత్తో రాసేవారు. ఆవిడ పైటకెప్పుడూ ఎడమవైపే సుద్దపొడి ఉండేది. అంటే మేడం కూడా ఒకప్పుడు నాలాగే లావై, ఉపన్యాసం ముందు ఏ రాత్రో కూర్చుని, ఎవరికీ చెప్పకుండా దీన్ని వదులు చేసుకున్నారన్నమాట. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఆయనకదేమీ తెలియదు. బ్లేడు తీసి, "ఈ పక్క కుట్లు ఇప్పీసి, మిగిలిన గుడ్డ వదిలేస్తే సరి. బేగి అయిపోద్ది. ఇప్పీమంటారా?" అన్నారు.

"వద్దండీ," అన్నాను. "అది మా మేడం కుట్టు. ఆవిడ పోయారు."

ఆయన బ్లేడు కింద పెట్టారు. తర్వాత జాకెట్టు వెనక్కి తిప్పి చూపించారు.

"ఈపు మీద రెండు నిలువు కుట్లున్నాయి. ఇయ్యి మొదట కుట్టినోలు ఏసినయ్యే, ఇంతవరకూ ఎవలూ ముట్టుకోనేదు. ఇక్కడా గుడ్డుంది. కానీ ఒక మాట సెప్తాను. అసలు కంపెనీ కుట్టంటే ఇదే. ఒకపాలి ఇప్పీసినామంటే మల్లీ రాదు. ఆ పక్కలయితే ఎవలికీ తెలీదు."

ఆయన చెప్పింది నిజం. మ్యూజియం వాళ్లనడిగితే పక్కలు విప్పమనే అంటారు. ముప్పై పేజీలు రాసిన మనిషిగా నేనూ అదే అనాలి. ఆ సన్నని కుట్టు మీద ఒకసారి వేలు రాశాను. ఎంత బాగుందో చెప్పలేను.

"పారిస్ కుట్టు విప్పేయండి," అన్నాను.

రెండు గంటలు పట్టింది. విప్పిన దారాలు కింద పడి, రవిక ముక్కలతో కలిసి చీపురుకు ఊడ్చుకుపోయాయి. వేసుకుని చూస్తే భుజాల దగ్గర హాయిగా పట్టింది. లోపల ఇంకా గుడ్డ మిగిలే ఉంది. కత్తిరించెయ్యకపోయారా అనడిగితే, "మీ తరవాత ఇంకోలు ఏసుకోవాల కదమ్మా," అన్నారు. మూడొందలు తీసుకున్నారు.

మధ్యాహ్నం రెండింటి బస్సులో సీటు దొరికింది. కాగితాలు తీశాను గానీ చదవబుద్ధి కాలేదు. నేను పేజీలకు పేజీలు రాసిన ముగ్గురిలో ఒక్కరైనా ఈ జాకెట్టును చేత్తో ముట్టుకున్నారో లేదో నాకు తెలియదు. ముట్టుకున్నవాళ్లలో నాకు పేర్లు తెలిసింది ఇద్దరివే. వీపు మీద ఆ రెండు కుట్లు వేసినామె ఎవరో అడుగుదామన్నా ఇప్పుడు మేడం లేరు. సోమవారం వేదిక మీద జాకెట్టు విప్పి, తిరగేసి పట్టుకుని, పిల్లలకు ముందు లోపలి వైపు చూపిస్తాను. చేతి తొడుగుల కొట్టు సంగతి ఆ తర్వాత చెబుతాను.

మీలో ఎవరైనా పాత బట్టను ఇలా మంచి దర్జీ దగ్గరకు తీసుకెళ్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి, ముందుగా ఇస్త్రీ చేయించకండి. పాత మడత గీతల్ని బట్టే దాన్ని ఎవరు ఎక్కడ విప్పారో వాళ్లు పోల్చుకుంటారు. శుక్రవారం సాయంత్రం నేను ఇస్త్రీ బండి దాకా వెళ్లి, వరుసలో నలుగురున్నారని విసుక్కుని తిరిగొచ్చాను. ఒక్కరే ఉండుంటే ఆ గీత చెరిగిపోయేది, మేడం కుట్టు నేనే దగ్గరుండి విప్పించేసేదాన్ని.