మంచు మీద ఒక్క ‘వద్దు’

బాన్సువాడ చేపల మార్కెట్‌లో ఐసు దిమ్మను సుత్తితో కొడితే, పగిలే ముందు అది లోపలినుంచి సన్నగా కిర్రుమంటుంది. ఇవాళ ఆ చప్పుడుకు నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. ప్రమీలక్క గుర్తుకొచ్చింది. కోటగిరి వరి పొలాల మధ్య పుట్టి, ఉత్తర ధ్రువ సముద్రాన్ని చదవడానికి జీవితం పెట్టిన శాస్త్రవేత్త. నా మొదటి అధికారి. ఆమె పోయి ఏడాది కాలేదు.

గడ్డకట్టిన సముద్రం మీదికి వెళ్లే ప్రతిసారీ ఆమె ఒక పద్ధతి పాటించేది. బయలుదేరే ముందు అందరినీ పేరుపేరునా అడిగేది. ఒక్కరు వద్దన్నా ప్రయాణం ఆగిపోవాలి. కారణం ఎవరూ అడగకూడదు.

ఒక వసంతంలో, మంచు కింద నీటి ఉష్ణోగ్రతను ఏడాదిపాటు నమోదు చేసిన పరికరాన్ని పైకి తీయవలసి ఉంది. ఆ ప్రయోగం అక్కదే. సముద్రం వేడెక్కి మంచు ఏటా ముందుగానే విడిపోతోంది; మేం బయలుదేరాలనుకున్న రోజు తప్పితే పరికరం నీటిపాలే. మాకు దారి చూపేది తీరపు ఊరి వేటగాడు. అతను కూడా అదే దారిన వేటకు వెళ్తే తప్ప ఇంటికి సీల్ మాంసం రాదు. నేను రంధ్రం చేసి కొలిచిన ప్రతిచోటా మంచు మందం సరిపోయింది. స్లెడ్జి బండ్ల మీద సామాను కట్టాం. అతని వంతు వచ్చింది. అతను చాలాసేపు దూరంగా చూసి, వద్దన్నాడు.

“అక్కా, మందం మంచిగనే ఉంది. ఎందుకు వద్దంటుండో ఒక్కసారి అడుగుదాం,” అన్నాను.

“అడగకు తమ్మీ.”

“ఏడాది పని అక్కా. నీ పనే.”

“నాదని నాకెరుక లేదా ఏంది? ఇయ్యాల కారణం అడిగితే, రేపు కారణం చెప్పరానోడు నోరు మూసుకుంటడు. గప్పుడు మనం నీళ్లల్ల ఉంటం. ఇగ తాళ్లు విప్పు.”

సాయంత్రం దాకా తీరంలో నిలబడి చూశాం. మంచు కదలలేదు. టీ కాగాక అక్క మొదటి కప్పు అతనికే అందించింది. ఆ రాత్రే పెనుగాలి పట్టుకుంది. అది తగ్గేసరికి దారి ఉన్నచోట నల్లటి నీళ్లు. పరికరం మరి దొరకలేదు. ఉదయమే వెళ్లి ఉంటే దాన్ని తీసుకుని క్షేమంగా తిరిగి వచ్చేవాళ్లమేమో. అది తేల్చే కొలత ఏదీ నా దగ్గర లేదు. చాలా కాలం తర్వాత అక్కనే అడిగాను.

“పోతే ఏమైతుండెనో నాకేమెరుక?” అంది. “నువ్వైతే నా ముందర నిలబడి అడుగుతున్నవు గద.”

ఇప్పుడు ఆ బృందానికి నేనే బాధ్యుణ్ణి. ఇవాళ మధ్యాహ్నం ఆ ధ్రువ సముద్ర తీరం నుంచి ఫోను వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి వద్దంటోందట. మిగిలినవారంతా సిద్ధంగా ఉన్నారట. మంచు ఎక్కువ రోజులు నిలవదట. ఎందుకట అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లయినా దాన్ని మింగడం సులువు కాలేదు.

ఆగమని చెప్పాను.