చిన్నసేటు ఇచ్చిన మాట

నా కొడుకు ఇచ్చిన మాటను నేను మూడు నిమిషాల్లో రద్దు చేశాను. కృష్ణానగర్‌లో సినిమావాళ్లకు బట్టలు అద్దెకిచ్చే షాపులు చాలానే ఉన్నాయి గానీ, అంత తక్కువ సమయంలో అంత చెడ్డ నిర్ణయం తీసుకోగల యజమాని ఇంకొకడు లేడని గట్టిగా చెప్పగలను. పైగా అప్పుడు నవ్వుకుంటున్నాను కూడా, బేరం నెగ్గానని.

మా షాపులో పదకొండేళ్లుగా ఒకావిడ కుడుతోంది. రోజూ యూసుఫ్‌గూడ నుంచి నడిచి వస్తుంది. రాజుల అంగీలు, దేవతల పట్టుబట్టలు, భటుల నడికట్లు, ఏవైనా ఆవిడ చేతిమీదుగా పోవలసిందే. భర్త లేడు. యేసుప్రభువును నమ్ముకుంది. మొన్న డిసెంబరులో, వాళ్ల చిన్న చర్చిలో పిల్లలు క్రిస్మస్ నాటకం వేస్తున్నారని, వాళ్ల బట్టలు కుట్టడానికి ఒక వారం సెలవు కావాలంది, కుట్టడానికి మా మిషనే ఇమ్మంది. ఆ రోజు నేను ఊళ్లో లేను. గల్లా దగ్గర నా కొడుకు ఉన్నాడు. "తీసుకోండమ్మా, వారమంతా మీదే" అన్నాడట.

మర్నాడు ఫిల్మ్‌నగర్ నుంచి ఒక పౌరాణిక సీరియల్ మేనేజరు ఫోన్ చేశాడు. నలభై మంది దేవతలకు కొత్త బట్టలు, సరిగ్గా ఆ వారంలోనే. ఒప్పేసుకుని ఆవిడను పిలిచి సెలవు లేదన్నాను.

"చిన్నసేటు ఇస్తనన్నడు కద సేటు?"

"వాడిదేముందమ్మా, కుర్రాడు. యజమానిని నేను కదా."

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "గట్లంటే ఎట్ల సేటు? పిల్లలందరికీ చెప్పేసిన. చిన్నసేటు మాట మీ మాట కాదంటే ఇంకెవ్వరి మాట నమ్మాలె?"

బట్టలు అమ్మేవాళ్ల మధ్య పెరిగినవాణ్ని, బేరం వదులుతానా? "మన దగ్గర దేవతల బట్టలు బోలెడున్నాయిగా, అవే పట్టుకెళ్లు. మీ తండ్రి దేవుడికి పెద్ద గడ్డం, కొడుకు దేవుడికి చిన్న గడ్డం. కిరీటాలు కొసరు."

కోపంలోనూ ఆవిడకు నవ్వొచ్చింది. "తండ్రికి వేషం ఉండదు సేటు. ఆయన్నెవరు చూసిన్రని? కొడుకులో కనపడ్డదే ఆయన రూపు."

"ఓహో. హీరోగారిని నేరుగా కలవలేం, ముందు మేనేజరును పట్టుకోవాలి. మీ యేసు మేనేజరన్నమాట."

"మేనేజరు జీతానికొస్తడు, గేటు కాడ ఆపుతడు. ఈయన ఇంటి కొడుకు. తండ్రి ఎంత దేవుడో ఈయన గంతే దేవుడు."

"మరి దేవుడు ఒక్కడేనంటారుగా?"

"ఒక్కడే."

"నేను ఇద్దర్ని లెక్కపెట్టానే!"

"గా లెక్క నాకు రాదు సేటు. మా పాస్టరు కూడ గంటసేపు చెప్పి, ఆఖరికి పూర్తిగ ఎవ్వరికీ రాదంటడు."

"సరే, కొడుకూ దేవుడే అయితే తండ్రికి ప్రార్థన ఎందుకు చేశాడు?"

"చిన్నసేటు దినాం మీకు ఫోన్ చేసి అడుగుతడు కద. అడిగినందుకు పరాయోడైతడా? ప్రేమున్నోళ్లు మాట్లాడుకుంటరు." అంటూనే సంచి భుజానికి వేసుకుంది. ఇప్పుడు గొంతులో నవ్వు లేదు. "మా ఆయన పోయినంక నేను గా కొడుకు మాట మీదనే బతికిన సేటు. నీ తప్పులు మాఫ్ చేసిన అని యేసయ్య అంటే, పైన తండ్రి 'వాడిదేముంది, కుర్రాడు' అనడు. గట్ల అంటడని తెలిస్తే నాకు నిద్ర పడ్తదా?"

నేను ఆర్డరు పుస్తకం తెరిచి నలభై మంది దేవతల లెక్క చూసుకున్నాను. ఆవిడ మెట్లు దిగిపోయింది. ఇంకెక్కడైనా పని చూసుకుంటుందని ఆ నడకే చెప్పింది. అప్పుడే పైకి వస్తున్న నా కొడుకు అంతా విన్నట్టున్నాడు, సగం మెట్ల మీంచే తిరిగి ఆవిడ వెనకే దిగాడు. కిటికీలోంచి వాడి గొంతు వినిపించింది. "అమ్మా, తప్పు నాది. ముందుగా అడక్కుండా చెప్పాను. తిట్టాలంటే నన్ను తిట్టండి, నాన్నను ఏమీ అనుకోకండి."

మాట తప్పింది నేను. వాడు తలవంచింది నా కోసం.

మా నాన్నకు తెనాలిలో బట్టల కొట్టు ఉండేది. నాకు పదిహేనేళ్లప్పుడు ఆయన భోజనానికి వెళ్లిన అరగంటలో ఒక పెద్దావిడకు పట్టు తానుకు నూలు ధర చెప్పేశాను. నాన్న తిరిగొచ్చేసరికి ఆవిడ చేతిలో డబ్బుంది. ఆయన నావైపు చూడలేదు. తానే గజంబద్ద తీసుకుని కొలిచి, ఎప్పటిలాగే నాలుగు వేళ్ల మేర ఎక్కువ వదిలి చింపి ఇచ్చాడు. కొట్టు కట్టేశాక అన్నాడు: "నిన్ను అక్కడ కూర్చోబెట్టింది నేను. నీ నోటి ధర నా ధరే. రేపటి నుంచి కాస్త చూసి చెప్పు." ఆ బజారులో అన్ని కొట్లలోనూ అదే ఆనవాయితీ. గల్లా దగ్గర కొడుకుంటే తండ్రి ఉన్నట్టే. ఉదయం మాట సాయంత్రానికి నిలవని ఫిల్మ్‌నగర్‌తో ఇరవై ఏళ్లు వ్యాపారం చేసి ఆ పద్ధతిని పోగొట్టుకున్నాను.

మెట్లు దిగి, ఆటోల దగ్గర ఆవిడను అందుకున్నాను. "వాడు చెప్పాడంటే నేను చెప్పినట్టే. వారం మీదే, మిషనూ మీదే."

"పక్కానా సేటు? మల్ల మీ పైన ఇంకో పెద్దసేటు వచ్చి కాదనడు కద?"

"నా పైన ఎవరూ లేరమ్మా."

"ఉన్నడులే" అంది, సంచి నా కొడుకు చేతికిస్తూ.

సీరియల్ మేనేజరుకు ఆలస్యమవుతుందని చెప్పాను. ఆయన నవ్వుతూనే ఆర్డరు పక్క షాపుకిచ్చాడు. క్రిస్మస్‌కు నేనూ నా కొడుకూ చర్చికి వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాం. వేదిక మీద తండ్రి వేషం లేదు. గడ్డిలో ఒక పసిబొమ్మ ఉంది, తెల్లటి నూలు గుడ్డలో చుట్టి. జరీ లేకుండా దేవుణ్ని ఎప్పుడూ బయటికి పంపనివాణ్ని, ఆ గుడ్డకు చేతులు జోడించాను.

ఇక బిల్లు. ఆ ఆర్డరు పోయింది, దాని వెంట ఆ మేనేజరు ఏటా ఇచ్చే పని కూడా పోయింది. నేను మతం మారలేదు, తండ్రీ కొడుకులు ఒక్కటెలా అన్న లెక్కా ఇంకా తేలలేదు. ఆవిడ మా మిషను దగ్గరే ఉంది. నా కొడుకు మాటిస్తే ఎవరూ నన్ను మళ్లీ అడగడం లేదు. ఇదంతా నా మంచితనం కింద రాసుకుందామంటే కుదరడం లేదు, నేను విరగ్గొట్టిందే కదా నేను అతికించింది. దారి చూపింది ఆవిడ, అవమానం మోసింది నా కొడుకు, పద్ధతి నేర్పింది మా నాన్న. ముగ్గురికీ రుణపడ్డాను. నా వాటాకు వచ్చింది మెట్లు దిగడం ఒక్కటే.