చేప తలల దొంగ మనవడు

మా దీవుల రాజధాని సువాలో మా కాలేజీకి ఒప్పందాల గది అని ఒకటుండేది. గోడ నిండా ఫోటోలే. ప్రతి ఫోటోలోనూ ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలిపి నవ్వుతుంటారు. వాళ్ల వెనక, సగం భుజం మాత్రం కనబడేలా, ఈసికేలి. ఏ దేశం యూనివర్సిటీ వాళ్లొచ్చినా చాపలు పరిపించడం, అతిథులకిచ్చే కావా దుంపల పానీయం కలిపించడం ఆయన పని. "నా భుజానికి ప్రపంచమంతా పరిచయాలే, మొహాన్నే ఎవడూ ఎరగడు," అనేవాడు.

పక్క గదిలో లైబ్రరీ నాది. ఏ పేజీలో ఉన్నా కిటికీలోంచి తల దూర్చేవాడు. "ఇంకా అవలేదా ఆ పుస్తకం? రాసినవాడికే ఇంతసేపు పట్టి ఉండదు."

ఆయనకు ప్రాణమైన వస్తువు ఒక్కటే: తన దీవి నవుకాయిలి నుంచి పడవమీద తెచ్చుకున్న కొయ్య కుర్చీ. వైస్ ఛాన్సలర్ని కూడా దానిమీద కూర్చోనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు ఆక్లండ్‌లోని ఒక యూనివర్సిటీతో నర్సింగ్ చదువుకు ఒప్పందం కుదురుతోంది. మొదటి ఏడు ఇక్కడ, రెండో ఏడు అక్కడ. వెనకటి రోజుల్లో అయితే పిల్లలు ఎగిరి గంతేసేవారే. ఇప్పుడు చేరుతున్నది పిల్లలు కాదు, పిల్లల తల్లులు. ఈసికేలి మేనకోడలు లూసియానా అందులో ఒకతె. నవుకాయిలి ఆసుపత్రిలో ఆయా. చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఇంకొకతె. ఆక్లండ్ వెళ్లక తప్పదంటే ఆమె చదువు అక్కడితో సరి. "మీ పంతుళ్లే ఇక్కడికి రాకూడదా?" అని మేం రాసినప్పుడల్లా "పరిశీలిస్తాం" అని జవాబొచ్చేది. పరిశీలించడంలో వాళ్లకి సాటి లేరు.

సంతకాలకి వచ్చినాయన పేరు డాక్టర్ తేవిటా. పుట్టింది మా దగ్గరే, పెరిగింది ఆక్లండ్‌లో. తాతలది మతాసోలో అనే ఊరని తెలియగానే ఈసికేలి కళ్లు మెరిశాయి. మతాసోలోకీ నవుకాయిలికీ తౌవు, అంటే తరతరాలుగా ఒకరినొకరు ఆటపట్టించుకునే చుట్టరికం. బావామరదళ్ల వేళాకోళం దానిముందు దిగదుడుపు. ఎంత మాటైనా అనొచ్చు, ఏ వస్తువైనా అడిగి పట్టుకుపోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు.

అతిథులు తెచ్చిన కావా దుంపలు అందుకోవడం, చప్పట్లు, ప్రసంగాలు పద్ధతిగా ముగిశాయి. కావా పోసిన కొబ్బరి చిప్పలు తిరగడం మొదలయ్యాక ఈసికేలి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, మన డాక్టరుగారి తాత మా రేవులో చేప తలలు దొంగిలించి తినేవాడు. ఆ తెలివంతా వృథా పోలేదు, మనవడికొచ్చింది. కాలేజీ మాది, తలలు మావి, డిగ్రీ వాళ్లది!"

చాపలమీద ఉన్నవాళ్లంతా పొట్టలు పట్టుకున్నారు. తేవిటా చిప్ప కింద పెట్టాడు. మొహం మాడిపోయింది.

"మా తాతని దొంగ అన్నారా మీరు?"

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆయన లేచి వరండాలోకి నడిచాడు. రిజిస్ట్రారు ప్రభాషిణి ఈసికేలి మోచెయ్యి గిల్లింది. "అన్నా, రేపు పొద్దున సంతకాలు! నీ నోటికి ఒక్క రోజు సెలవివ్వలేకపోయావా?"

"తౌవు తెలియని మతాసోలోవాడు ఉంటాడని కలగన్నానా!" అన్నాడు గానీ, ఈసికేలి గొంతులో జీవం లేదు. లూసియానా కళ్లముందు మెదిలి ఉంటుంది.

వరండాలో తేవిటా ఆక్లండ్‌కి ఫోన్ చేసి, మేనత్తకి ఫిర్యాదు చేస్తున్నాడు. ఆవిడ నవ్వు గదిలోకి వినిపించింది. కాసేపటికి ఆయన ఫోన్ చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు.

"మాట్లాడతారట," అన్నాడు, ఏమీ అర్థంకానివాడిలా.

"ఎవడ్రా అది? గబ్బిలాలు తినే నవుకాయిలివాడా?" ఫోన్ అరిచింది. "మావాణ్ణి ఒట్టి తిట్లతో సరిపెట్టావా? చొక్కా అడగలేదేం, సిగ్గేసిందా?"

"అక్కా, మీవాడి చొక్కా నాకు పట్టదు," అన్నాడు ఈసికేలి, ప్రాణం లేచొచ్చి. "నాకు వాళ్ల పంతుళ్లు కావాలి. రెండో ఏడు మా దీవికే వచ్చి చెప్పాలి. సముద్రం దాటలేని తల్లులున్నారు."

"తేవిటా, ఇచ్చెయ్. తౌవు అడిగితే లేదనకూడదు."

"అత్తా, అది నా ఒక్కడి చేతిలో లేదు!"

"నీ చేతిలో ఉన్నంత ఇయ్యి మరి. ఒరే నవుకాయిలీ, నా వంతు నేనొచ్చి తీసుకుంటా, కాచుకో."

ఆ రాత్రి తేవిటా తనవాళ్లతో ఏం మాట్లాడాడో తెలియదు. పొద్దున్న ఒప్పందంలో కొత్త షరతు కనబడింది: ఒక్క ఏడాది, ఒక్క దీవిలో, ప్రయత్నించి చూడటానికి. దీవి పేరు చూసి ఈసికేలి తల తిప్పుకున్నాడు. సంతకాల ఫోటోలో కూడా ఆయన భుజమే పడింది, కాకపోతే కొంచెం వణికి.

మరుసటేడు పంతుళ్లతోపాటు మేనత్తా దిగింది. తిన్నగా ఒప్పందాల గదికొచ్చి, చుట్టూ చూసి, కుర్చీ మీద చెయ్యేసింది.

"ఇది."

"అక్కా, చొక్కా తీసుకో. రెండు తీసుకో."

"నీ చొక్కాల్లో గబ్బిలాల కంపు."

ఈసికేలి చొక్కా అంచుతో దుమ్ము దులిపాడు. కుర్చీని తనే భుజాన పెట్టుకుని పడవదాకా మోశాడు. నవుకాయిలి బడిలో పాఠం వింటూ, ఒళ్లో పిల్లాణ్ణి జోకొడుతూ లూసియానా తీయించుకున్న ఫోటో ఆ నెలలోనే వచ్చింది. దాన్ని గోడకి తగిలించాడు. కింద చాపమీద కూర్చుని, తలెత్తి, నాతో అన్నాడు:

"చూశావా, ఇక్కణ్ణించి బాగా కనబడుతుంది. ఆ కుర్చీ ఎప్పుడూ ఎత్తు ఎక్కువే."