గంగమ్మ ఏరిన జొన్నలు

బుధవారం. పొద్దున వాకిలి ఊడ్చాను. నాలుగు బిందెల నీళ్లు పట్టాను. పద్నాలుగు రొట్టెలు చేశాను. గుడి పక్క గది తాళం మాత్రం తీయలేదు.

నిన్న ఈ వేళకే ఫోన్ వచ్చింది. హోటల్లో గిన్నెలు కడుగుతూనే గంగమ్మ పడిపోయిందని, ఇక లేదని.

నేను నమ్మలేదు. ఒక్కరు చెబితే నమ్మే అలవాటు నాకు లేదు. ఇంకో ముగ్గురికి ఫోన్ చేశాను.

ముగ్గురూ అదే మాట.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మా కౌల్ బజార్ వెనక వీధిలో చాలామంది రేషన్ కార్డులు రద్దయ్యాక, ఆడవాళ్లం కలిసి ఆ గదిలో జొన్నలు, బియ్యం పెట్టుకున్నాం. ఉన్నవాళ్లు తెచ్చి పోస్తారు. కార్డు పోయినవాళ్లు వారానికి ఇంతని తీసుకుపోతారు. తాళంచెవి, నోట్‌బుక్ నా దగ్గరే.

గంగమ్మ కార్డు పోయింది, చనిపోయిన భర్త పేరు మీద లారీ ఉందని.

"లారీ ఉండేవాళ్లకు ఈడ జొన్నలెందుకు?" అన్నాను, ఆమె మొదటిసారి వచ్చిన రోజు, అందరి ముందే.

"లారీ ఉండింటే దాంట్లోనే వస్తాంటి గదక్కా. నడిచి నడిచి కాళ్లు పడిపోతాండాయి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"మా ఆయప్ప డ్రైవరు. సావుకారి తన లారీని ఆయప్ప పేరుకు రాసినాడు. అది తుక్కుకు పోయి ఎన్నేండ్లాయనో. కాగితంలోనే ఇంకా తిరుగుతాండాది."

అలాంటి కథలు చాలా విన్నాను. కాగితం చూపించమన్నాను. లేదంది. ఒక శేరు జొన్నలు కొలిచి, బాకీ అని రాసుకున్నాను. సంగతి తేలేదాకా ఇంక లేదన్నాను.

మరుసటి వారం వచ్చింది. ఏమీ అడగలేదు. చేట తీసుకుని మూటలో జొన్నలు చెరిగింది, ఏరింది.

ఊరికే ఎందుకు చేస్తోంది? నాకు అదే అనుమానం. ఆమె లేచాక జొన్నలు కొలిచాను. పావు శేరు తక్కువ. నా కళ్లు ఆమె కొంగు మీదికి పోయాయి.

అది ఆమె చూసింది. కొంగు ముడి విప్పి నా ముందు పోసింది. రాళ్లు, పొట్టు.

"ఇదో అక్కా, నీ పావు శేరు. కొల్చుకో."

కొలిచాను. సరిపోయింది.

ఆ రాళ్లు తెచ్చింది తీసుకునేవాళ్లు కాదు, ఇచ్చేవాళ్లు. వాళ్లనెవరినీ నేను ఒక్క ప్రశ్న అడగలేదు. అది అప్పుడు తట్టలేదు.

పదకొండు వారాలు వచ్చి ఏరింది. ఒక్క గింజ అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

నిన్న గంగమ్మను మట్టి చేసి వచ్చాక, ఆమె కూతురు సుజాత నా చేతిలో చిన్న మూట పెట్టింది.

"అమ్మ మొన్ననే కట్టిపెట్టింది, పెద్దమ్మా. నీ బాకీ అనింది."

విప్పి చూశాను. జొన్నలు. ఒక్క రాయి లేదు.

లారీ సంగతి నాకు ఈరోజుకీ తేలలేదు. ఈ వారం నుంచి జొన్నలు తీసుకునేవాళ్లలో సుజాత పేరు రాశాను. కాగితం అడగలేదు.

రేపు గది తీస్తాను. తెచ్చేవాళ్లు ఏరిన గింజలే తెండి. ఏరే మనిషి ఇప్పుడు లేదు.

గంగమ్మా, ఇంక కాళ్లు చాపుకుని కూర్చో. అక్కడైనా నిన్నెవరూ కాగితం అడగకుండా ఉండాలి.

గంగమ్మ, జొన్నలు ఒక శేరు. చెల్లు.

కొలవలేదు.