పని చెప్పిన తేదీ

1962 వానాకాలం. వికారాబాద్ స్టేషన్‌కు దగ్గరలో అద్దెకు తీసుకున్న ఒక గది మా ఆఫీసు. హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయానికి, పల్లె కుటుంబాల తిండి మీద పరిశోధన చేయడానికి రెండేళ్ల గ్రాంటు వచ్చింది. గ్రాంటు అంటే ఒకసారి చేతికిచ్చి మరిచిపోయే సొమ్ము కాదు. ఏ నెలలో ఏం చేస్తామో ముందే రాసివ్వాలి, చేసింది ప్రోగ్రెస్ రిపోర్టులో చూపించాలి, అప్పుడే రెండో విడత వస్తుంది. ఈ రాతకోతలు, ఊళ్ల తిరుగుళ్లు చూసుకోవడానికి ఒక ఫీల్డ్ సూపర్‌వైజర్ కావలసి వచ్చాడు. పోలీసు యాక్షన్ అయిన ఏటి నుంచి ఒక దినపత్రికకు ఈ ప్రాంతపు వార్తలు రాస్తున్న నన్ను ప్రొఫెసర్ గారు పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. "మీకు దారులు తెలుసు, మనుషులు తెలుసు. సైన్సు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

పని చెప్పడానికి సులువు. వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల ఎంచుకున్న కొన్ని ఇళ్లలో వారం రోజులపాటు పొయ్యి మీదికి పోయే ప్రతి గింజనూ తూచి రాయాలి. ఊరంతటికీ బదులుగా ఎంచుకున్న ఆ ఇళ్లను శాంపిల్ అంటారు. తూచి రాసేవాళ్లు ఇన్వెస్టిగేటర్లు. మాకు నలుగురు ఉండేవారు, ముగ్గురు యువకులు, ఒక అమ్మాయి. అమ్మాయి పేరు ఎస్తేరు. తండ్రి రైలుపట్టాల మీద గ్యాంగ్‌మన్. ఆ ఇంట్లో జీతపు ఉద్యోగానికి వచ్చిన మొదటి ఆడపిల్ల. పని బాగా చేస్తే పట్నంలో శిక్షణకు సిఫారసు ఉత్తరం రాస్తానని ప్రొఫెసర్ గారు ఆమెకు మాట ఇచ్చారు.

నేను గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, ఏ వారం ఎవరు ఏ ఊళ్లో ఉండాలో గళ్లు గీసి రాశాను. ఒక ఏర్పాటు నా సొంతం. ముందుగా చెప్పకుండా ఎవరి గడపా తొక్కకూడదన్నది పత్రికలో నేర్చుకున్న మర్యాద. అందుకని ప్రతి ఊళ్లోనూ వారం ముందే డప్పు చాటింపు వేయించేవాణ్ణి. ఆ ఏర్పాటుకు లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

మూడు నెలలయ్యాక ప్రొఫెసర్ గారు వచ్చి కాగితాలన్నీ బల్ల మీద పరిచారు. ఒక కట్టను వేరుగా పెట్టారు.

"మగపిల్లలు తూచిన ఊళ్లలో జొన్నలు. గట్క, రొట్టె, పచ్చిపులుసు. ఈ అమ్మాయి తూచిన ఊళ్లలో మాత్రం రెండు పూటలా వరి అన్నం, ముద్దపప్పు. బండల గనిలో రాళ్లు కొట్టేవాడి ఇంట్లో కూడా. మీరు నమ్ముతారా?"

"పప్పుకు తాండూరు పెట్టింది పేరండీ."

"పప్పు సరే. బియ్యం?"

నేను ఆ కట్ట అందుకుని తిరగేశాను. ఆయన కఠినుడు కాడు, కానీ తప్పుడు అంకె అంటే ఆయనకు ఒళ్లు జలదరించేది. "ఇళ్లకు పోకుండా ఎక్కడో నీడపట్టున కూర్చుని రాసి ఉంటుంది. మీరు వెళ్లి ఒక ఊళ్లోనైనా మళ్లీ తూయించండి. తేడా వస్తే శుక్రవారం ఆ అమ్మాయిని పంపించేద్దాం" అన్నారు. పంపించేయడమంటే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు. వికారాబాదు చిన్న ఊరు. దొంగలెక్క రాసిన పిల్ల అన్న మాట ఆదివారం నాటికి చర్చి దాకా పోతుంది. ఆ తరువాత ఏ బడిలోనూ ఆమెకు పంతులమ్మ పని కూడా దొరకదు.

మర్నాడు పొద్దున ఎస్తేరును వెంటబెట్టుకుని తాండూరు ప్యాసింజర్ ఎక్కాను. ఈసారి చాటింపు లేదు. స్ప్రింగ్ త్రాసు ఉన్న గుడ్డసంచి ఒడిలో పెట్టుకుని ఆమె చాలాసేపు కిటికీ వైపే చూసింది.

"సార్, నన్ను తీసేస్తరా?"

"ఇంకా తెలియదమ్మా."

"నా కండ్లతోటి జూసి రాసిన సార్. ముల్లు ఏడ ఆగితే గదే రాసిన."

"నీ మీద నాకు అనుమానం లేదు. ఆ అన్నం మీదే ఉంది."

తాండూరులో దిగి కొడంగల్ బస్సులో కొంత దూరం పోయి, అక్కడి నుంచి నడిచాం. నాపరాళ్లు నిలబెట్టి కట్టిన గోడల ఇల్లు. ఇంటామె బాలమ్మ. భర్త గనికి పోయాడు. మమ్మల్ని చూడగానే ఆమె పొయ్యి దగ్గరి కుండ మీద గబుక్కున గంప బోర్లించింది.

"గిదేంది బిడ్డా, చెప్పకుండ చెయ్యకుండ వస్తివి? గిట్ల వస్తరా ఎవలన్న?" అని ఎస్తేరును కోప్పడి, నా వైపు తిరిగింది. "ఈ సారు ఎవలు?"

"నేను గీ పిల్ల పని చూసెటోన్ని."

"అంటే పటేలా?"

"అసుంటోన్నే అనుకో."

"పటేండ్లు మాకు శానామంది ఉన్నరు" అంది బాలమ్మ.

ఎస్తేరు గంప వైపు చూసింది. "పెద్దమ్మా, గా గంప కింద ఏమున్నది?"

"ఏముంటది? కోడిపిల్లలు."

గంప సందుల్లోంచి ఆవిరి వస్తోంది.

"కోడిపిల్లలకు జెరం వచ్చినట్టున్నది" అన్నాను. బాలమ్మ నవ్వలేదు. కొంగు సరిచేసుకుని పక్కకు జరిగింది. ఎస్తేరే గంప తీసింది. కుండలో జొన్నగట్క, అంటే జొన్నరవ్వ ఉడికించిన సంకటి.

నేను గడపలోనే కూర్చుని, దాచకుండా చెప్పాను. "శుక్రారం నాటికి లెక్క తేలకుంటె గీ పిల్ల నౌకరి పోతది."

"ఎందుకు పోతది? నా ఇంట్ల నేను వండింది తూచింది. దొంగతనం జేసిందా?"

"చేసిందనే అంటున్నరు. బియ్యం తూచకుండనే తూచిన అని రాసిందంటున్నరు."

బాలమ్మ కాసేపు పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. అవి ఎగదోయనక్కర్లేదు. తరువాత మా ఇద్దరి వైపూ చూడకుండా చెప్పింది.

"దసరకు దాసుకున్న బియ్యం అవ్వి. పట్నపోళ్ల పిల్ల వస్తదని వారం ముందుగాల డప్పు గొట్టిచ్చిన్రు గద. ఆడిపిల్ల పొద్దంత నా పొయ్యికాడ కూసుంటది. గామె ముందట గట్క పెట్టి, రాసుకో బిడ్డా, మేము గిదే తింటం అని చెప్పుదునా? నీ బిడ్డ ఇంటికొస్తె నువ్వు గట్లనే పెడ్తవా సారూ?"

"మగపిల్లలకు గట్కనే చూపిచ్చిన్రు గద తక్కిన ఊర్లల్ల?"

"మగోళ్లు అరుగు మీద కూసుంటరు. జొన్నల కుండ బయటికి తెచ్చి తూపిస్తె తోవ పట్టుకొని పోతరు. ఈమె ఇంట్లకొచ్చింది."

"వాడకట్టు అందరు గట్లనే చేసిన్రా?"

"మల్ల? నా ఇంట్ల వండి పక్కింట్ల వండకుంటె గామె ఇజ్జత్ ఏం గావాలె?"

ఎస్తేరు తప్పు రాయలేదని తేలింది. అయినా ఆమెకు ఆ సంతోషం లేదు.

"పెద్దమ్మా, నేను తిన్నది నీ పండుగ బియ్యమా?"

"మంచిగ తిన్నవు. ఇంకింత ఏస్తె వద్దంటివి."

ఆ అమ్మాయి లేచి, తనే గూట్లోంచి పళ్లెం తీసుకుని, గట్క కుండ ముందు కూర్చుంది. "నాకు పెట్టు."

"మజ్జిగ లేదు బిడ్డా."

"తొక్కు ఉన్నది గద."

బాలమ్మ పెట్టింది. ఎస్తేరు తలవంచుకుని తింటోంది. మొదటిసారి వచ్చినప్పుడు వారం రోజులూ తనను చుట్టంలా కూర్చోబెట్టి, నీళ్లు ముంచే పని కూడా చేయనివ్వలేదని రైల్లో చెప్పింది. ఇప్పుడు బాలమ్మ ఆమె తినేదాకా ఆగి, మామూలు గొంతుతో అంది:

"ఇగ చూసినవు గద, సిగ్గేంది? చెయ్యి గడుక్కోని గా చాట అందుకో. పొద్దుమూకెవరకు గీ జొన్నలన్ని చెరుగాలె. ఊకె కూసుంటె ఎట్ల?"

ఎస్తేరు చాట అందుకుంది. నేను బస్సు వేళకు లేచాను. ఆమె ఆ వారమంతా అక్కడే ఉండి ఆ వాడకట్టు ఇళ్లన్నీ మళ్లీ తూచింది. మొదటి రోజు కాగితాలను మాత్రం శుక్రవారానికల్లా నా చేతికి పంపింది. బియ్యం గడిలో సున్నాలు.

ప్రొఫెసర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. డప్పు నాదని కూడా చెప్పాను. నా మర్యాదే ఆ ఇళ్లకు బియ్యం తీసే వ్యవధి ఇచ్చింది. అరుగు మీద తూచిన జొన్నలు కూడా ఆ పూట వండేవో, చూపించడానికి తెచ్చినవో, మాకు తెలియదు. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"అయితే ఈ మూడు నెలల తూకాలు?"

"తూకాలు సరైనవే. తూచిన రోజులే సరైనవి కావు."

ఆయన ఎస్తేరు తిరిగి వచ్చేదాకా వికారాబాదులోనే ఆగారు. ఆమె సంచి కింద పెట్టకముందే లేచి నిలబడి, "నేను తొందరపడ్డానమ్మా" అన్నారు. ప్రోగ్రెస్ రిపోర్టులోనూ మూడు నెలల కాగితాలు పక్కన పెడుతున్నామని, ఎందుకో, దాచకుండా రాశారు. రెండో విడత ఆలస్యంగానే అయినా వచ్చింది. ఆ ఆలస్యంలో మేమందరం ఎలా ఉన్నామో ఇప్పుడు చెప్పుకోనక్కర్లేదు.

నా గోడ కాగితాన్ని చింపి కొత్తది గీశాను. చాటింపు మానేశాం. ఇన్వెస్టిగేటరు ముందు ఊళ్లోకి పోయి ఉండాలి, తూకం మాత్రం మొదలుపెట్టకూడదు. ఎన్నాళ్లు ఆగాలని ప్రొఫెసర్ గారు అడిగారు. ఎస్తేరు చెప్పింది: "ఇంట్ల పని చెప్పేదాంక సార్." ఆయన రిపోర్టులో దానికి ర్యాపో అనే ఇంగ్లీషు మాట వాడారు, చనువు అని అర్థం. మా షెడ్యూలులో, అంటే ఇంటింటికీ నింపే అచ్చు కాగితంలో, నేను ఒక గడి పెంచాను: పని చెప్పిన తేదీ. కొన్ని ఇళ్లలో అది మూడో రోజు పడింది, కొన్నింట్లో పదో రోజు. మగపిల్లలకు చాలా చోట్ల ఆ గడి ఖాళీగానే మిగిలింది. ఒకతనికి మాత్రం తాడు తెంపుకున్న దూడను పట్టుకురమ్మని చెప్పారట, అతను ఆ తేదీ కింద రెండు గీతలు గీసుకొచ్చాడు. చివరికి మరో ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకున్నాం.

ఆ దసరాకు ఎస్తేరు వాళ్లింటి నుంచి ఒక మూట బియ్యం బాలమ్మకు మోసుకుపోయింది. తీసుకోదేమోనని నేను భయపడ్డాను. ఆడపిల్ల ఇంటికి వట్టి చేతులతో రాదు కదా అని తీసుకుందట.

ఆ తరువాత చాలా పనులకు ప్రణాళికలు వేశాను. వారాలు, మనుషులు, బస్సు వేళలు అన్నీ కాగితం మీద పెట్టవచ్చు. ఎదుటివాళ్లు మనల్ని ఎప్పుడు లోపలికి రానిస్తారో అది మాత్రం వాళ్లు పెట్టే తేదీ. దానికి చోటు వదిలిపెట్టి మిగతాది గీసుకోవడమే మన పని.

రెండేళ్లు ముగిసి, ఎస్తేరు సిఫారసు ఉత్తరంతో పట్నం వెళ్లిపోయాక, ఊళ్లకు చెప్పి రావడానికి బయల్దేరాను. పుష్యమాసం, చేలల్లో కంది కాయ మీద ఉంది. బాలమ్మ గోడ నీడలో పచ్చికాయల కుప్ప ముందు కూర్చుని ఉంది. పిల్ల బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసింది.

"ఊకె నిలబడ్డరేంది సారూ? కూసోని జర గీ కాయలు ఒలువుండ్రి."

కూర్చుని ఒలిచాను. బస్సు ఎక్కాక డైరీ తీసి ఆ తేదీ రాసుకున్నాను.